బొగ్గు పోయి కొత్త వెలుగు వచ్చే వేళ: లాభం ఎవరిది, భారం ఎవరిది?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం మాకు అప్పగించిన విషయం కొంచెం పెద్దది. ఒకవైపు కంప్యూటరు, ఫోను. మరొకవైపు పొగ లేని కరెంటు, పెట్రోలు లేని బండి. ఈ రెండు మార్పులూ పెట్టుబడిదారీ దేశాల ఆర్థిక వ్యవస్థను ఏ విధంగా మలుస్తున్నవి అన్నది ఆ విషయం. మేము ఆర్థికశాస్త్ర పండితులం కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పుకునే మాస్టర్లం. పిల్లలకు ఒక పెద్ద సంగతి చెప్పాలంటే గోడకు మ్యాపు తగిలించి, వేలుపెట్టి ఒక చోటు చూపించి మొదలుపెడతాం. ఇక్కడా అదే చేస్తాం. మేము వేలుపెట్టి చూపే చోటు జర్మనీ దేశపు పడమటి భాగంలో ఉన్న రూర్ ప్రాంతం. ఎస్సెన్, బోహుమ్, డ్యూయిస్‌బర్గ్, డార్ట్‌మండ్, గెల్సెన్‌కిర్షెన్ అనే పట్టణాలు అక్కడ ఒకదానికొకటి ఆనుకొని ఉన్నవి. పాత బొగ్గు పోవడం, ఫోన్ల ఫ్యాక్టరీ రావడం పోవడం, కొత్త కరెంటు రావడం అన్నీ ఆ ఒక్క ప్రాంతం చూసింది. అందుకే దానిని ఎన్నుకున్నాము.

ముందుగా ఒక్క మాట. పెట్టుబడిదారీ వ్యవస్థ అనగా ఏమిటి? పుస్తకాల్లో పెద్ద పెద్ద నిర్వచనాలు ఉన్నవి. మనకు కావలసినంత వరకు చెప్పాలంటే, డబ్బు పెట్టినవాడు లాభం ఎక్కడ ఎక్కువ కనిపిస్తే అక్కడికి తన డబ్బును తీసుకుపోగలడు. డబ్బుకు కాళ్లున్నవి. పనివాడికీ కాళ్లున్నవి గాని అతనికి ఇల్లుంది, ముసలి తల్లిదండ్రులున్నారు, పిల్లల బడి ఉంది, ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చుకున్న హునర్ ఉంది. డబ్బు కదిలినంత వేగంగా మనిషి కదలలేడు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఈ తేడా దగ్గరే మనుషులు నలిగిపోతారు. ఆ నలుగుడు ఎంత ఉండాలి అనేది యంత్రం నిర్ణయించదు. చట్టం, ఒప్పందం, సంఘబలం నిర్ణయిస్తాయి. ఈ పూట మేము చెప్పదలచినది ఇదే.

ఇక రూర్ సంగతికి వద్దాము. 1957 నాటికి జర్మనీ బొగ్గు గనుల్లో సుమారు 6 లక్షల మంది పనిచేసేవారు. వారిలో అధిక భాగం రూర్‌లోనే. మరుసటి ఏడాదినుంచే సంక్షోభం మొదలైంది. విదేశాల బొగ్గు చవకగా వచ్చింది, దానికంటే చవకగా చమురు వచ్చింది. గనులు ఒక్కొక్కటే మూతపడసాగినవి. చిత్రమేమంటే అదే కాలంలో, 1961లో, జర్మనీ ప్రభుత్వం టర్కీతో ఒప్పందం చేసుకొని అక్కడినుంచి కూలీలను పిలిపించుకున్నది. వారిలో చాలామంది ఈ గనుల్లోకి, ఉక్కు ఫ్యాక్టరీల్లోకి దిగారు. రెండేళ్లు పనిచేసి డబ్బు కూడబెట్టుకొని పోదామని వచ్చినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ఇళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

గనులు మూతపడుతుంటే ఆ లక్షలమంది ఏమైనారు? ఇక్కడే గమనించవలసిన సంగతి ఉంది. జర్మనీలో 1951లోనే ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు కార్మికుల ప్రతినిధులకు ఇవ్వాలి. అందువల్ల గనిని ఎప్పుడు మూయాలి, ఎంతమందిని ఎక్కడికి పంపాలి అనే మాట కార్మికులకు చెప్పకుండా జరగడానికి వీలు లేకపోయింది. 1968లో రూర్ గనులలో చాలా వాటిని ఒకే సంస్థ కిందికి తెచ్చారు. ఒక గని మూస్తే అక్కడివాళ్లను మరొక గనికి మార్చారు. వయసు యాభై దాటిన గని కార్మికులకు పింఛను అందేవరకు సర్దుబాటు భత్యం ఇచ్చారు. కుర్రవాళ్లకు వేరే పని నేర్పారు. 2007లో ప్రభుత్వమూ, కంపెనీ, యూనియనూ కూర్చొని 2018తో ఆఖరు అని తేదీ పెట్టుకున్నారు. అనుకున్నట్లే 2018 డిసెంబరు 21న బోట్రోప్ పట్టణంలోని ప్రాస్పర్ హానియెల్ గని మూతపడింది. అదే ఆఖరి గని. మొదలునుంచి లెక్కిస్తే అరవై సంవత్సరాలు పట్టింది. దీనికి ప్రభుత్వ ఖజానానుంచి వేల కోట్ల యూరోలు ఖర్చయినవి. దండగ అన్నవాళ్లూ ఉన్నారు.

మరి బ్రిటన్‌లో ఏమైంది? అక్కడా గనులు మూయవలసి వచ్చింది. కాని కూర్చొని మాట్లాడుకోలేదు. 1984 మార్చినుంచి 1985 మార్చి వరకు ఏడాదిపాటు సమ్మె జరిగింది. కార్మికులు ఓడిపోయారు. తరువాతి పదేళ్లలో చాలా గనులు వరసగా మూతపడినవి. ఆ ఊళ్లలో కొన్ని ఇప్పటికీ కోలుకోలేదు. 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్ అనే చోట ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఆపేశారు. 1882లో లండన్‌లో బొగ్గుతో కరెంటు మొదలుపెట్టిన దేశం 142 సంవత్సరాలకు దానిని వదిలిపెట్టింది. రెండు దేశాలూ చేరిన గమ్యం ఒకటే, కాని నడిచిన దారులు వేరు. ఒకచోట మనిషికి టైము ఇచ్చారు, మరొకచోట ఇవ్వలేదు.

జర్మనీవారు అందరినీ సమానంగా చూసుకున్నారని మేము చెప్పడం లేదు. 1983లో అక్కడ ఒక చట్టం చేశారు. పని పోయిన టర్కీ కూలీ కుటుంబంతో సహా తన దేశం వెళ్లిపోతానంటే 10,500 మార్కులు చేతిలో పెడతారు. పిల్లవాడికి ఇంత అని అదనం. పని ఉన్నప్పుడు రమ్మన్నారు, లేనప్పుడు డబ్బిచ్చి సాగనంపారు. ఉండిపోయినవాళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న పేటలే ఈనాడు రూర్‌లో ఉద్యోగాలు తక్కువగా ఉన్న పేటలు. జర్మనీలో నిరుద్యోగం బాగా ఎక్కువగా ఉన్న పట్టణాల్లో గెల్సెన్‌కిర్షెన్ ఒకటి.

గని మూసినంత మాత్రాన ఖర్చు ఆగలేదు. నూటయాభై ఏళ్లు భూమిని తొలిచినందువల్ల రూర్‌లో కొన్ని చోట్ల నేల 20 మీటర్లకు పైగా కుంగింది. అంటే ఆరంతస్తుల మేడ ఎత్తు! నీళ్లు బయటికి పోయే వాలు లేదు. పంపులు రాత్రింబగళ్లు తోడుతూ ఉండాలి. ఆపితే పట్టణాలు చెరువులవుతాయి. ఒక ఏడాదో పదేళ్లో కాదు, ఎల్లకాలం తోడవలసిందే. దీనికోసం 2007లో ఒక ఫౌండేషన్ పెట్టి, గని సంస్థకున్న ఇతర వ్యాపారాల ఆస్తిని దానికి కట్టబెట్టారు. ఏటా 20 కోట్ల యూరోలకు పైగా ఆ ఫౌండేషనే ఖర్చు పెడుతున్నది. ముందుగా ఆలోచించి చట్టం చేయకపోయి ఉంటే ఆ పంపుల ఖర్చు ఎవరి నెత్తిన పడేది? ఆ ఊరివాళ్ల నెత్తినే.

ఇప్పుడు కొత్త పరిశ్రమల కథ. బోహుమ్‌లో పాత గని స్థలంలోనే 1962లో ఒపెల్ కార్ల ఫ్యాక్టరీ తెరిచారు. గని పోతే కారు వచ్చిందని జనం సంతోషించారు. 2014లో అదీ మూతపడింది. అదే ఊళ్లో నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ ఉండేది. పాత కాలపు బొగ్గు ఊరు ఇక ఫోన్ల ఊరు అవుతుందని ప్రభుత్వం సహాయధనం కూడా ఇచ్చింది. 2008లో కంపెనీ దానిని మూసి, సుమారు 2,300 మందిని ఇంటికి పంపి, జీతాలు తక్కువగా ఉన్న రుమేనియాకు, క్లుజ్ అనే ఊరి దగ్గరకు తరలిపోయింది. రుమేనియావారి సంతోషమైనా నిలిచిందా? 2011లో అక్కడా మూసేస్తామన్నారు. మన పక్కనే, మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో, 2006లో తెరిచిన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న ఆగిపోయింది. అప్పటికే నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని అమెరికా కంపెనీ మైక్రోసాఫ్ట్‌కు అమ్మేసింది. బొగ్గు గని మూయడానికి అరవై ఏళ్లు పడితే, ఫోన్ల ఫ్యాక్టరీకి రుమేనియాలో మూడు నాలుగేళ్లు చాలినవి. కొత్త పరిశ్రమ అయినంత మాత్రాన పనివాడికి భద్రత ఎక్కువ అనుకోవడానికి లేదు.

అయితే రూర్‌లో నిలిచినవి ఏవి? ఒకటి చదువు. బొగ్గు బాగా నడిచిన కాలంలో ఆ ప్రాంతంలో యూనివర్సిటీ లేదు. గనులు మూతపడడం మొదలయ్యాక, 1965లో బోహుమ్‌లో, 1968లో డార్ట్‌మండ్‌లో యూనివర్సిటీలు పెట్టారు. ఫ్యాక్టరీలు వచ్చి పోయినవి గాని యూనివర్సిటీలు ఇప్పటికీ నిలిచే ఉన్నవి. రెండవది నీరు. ఎమ్‌షెర్ అనే నది ఆ ప్రాంతపు మురుగు కాలువ అయిపోయింది. 1992లో బాగుచేయడం మొదలుపెట్టి, 2021 ఆఖరుకు అందులోకి మురుగు రాకుండా చేశారు. ఈ పనులను లాభం వస్తుందని ఏ వ్యాపారీ చేయలేదు. ప్రజల డబ్బుతో జరిగినవి.

ఇక ఎండతో కరెంటు. జర్మనీలో 2000 సంవత్సరంలో ఒక చట్టం చేశారు. ఇంటి కప్పుమీద సోలార్ పలకలు పెట్టుకున్నవాడికి ఇరవై ఏళ్లు నిర్ణీతమైన ధర ఇస్తామన్నారు. జనం ఎగబడి పెట్టుకున్నారు. గిరాకీ పెరిగింది, దానితో పలకల ధర ఏటేటా దిగింది. 2024 నాటికి జర్మనీ వాడే కరెంటులో సగానికి పైగా గాలి, ఎండ, నీరు మొదలైన వాటినుంచే వస్తున్నది. యావత్తు ప్రపంచానికి ఇది మేలు. కాని లెక్క ఎవరు కట్టారు? 2022 వరకు ప్రతి ఇంటి కరెంటు బిల్లులో ఒక అదనపు రుసుము వేశారు. కరెంటు విపరీతంగా వాడే పెద్ద ఫ్యాక్టరీలకు అందులో చాలా మినహాయింపు దొరికింది. సొంత ఇల్లు ఉన్నవాడు పలకలు పెట్టుకొని డబ్బు తీసుకున్నాడు. అద్దె ఇంటివాడు రుసుము మాత్రం కట్టాడు.

పలకల ఫ్యాక్టరీల సంగతీ చూడండి. గిరాకీ జర్మనీ పుట్టించింది, సరుకు చైనా చేసింది. ఈనాడు సోలార్ పలకల తయారీలో ప్రతి దశలోనూ నూటికి 80కి పైగా చైనాదే. జర్మనీలో పేరుపడిన క్యూ సెల్స్ 2012లో, సోలార్‌వరల్డ్ 2017లో దివాలా తీసినవి. డ్యూయిస్‌బర్గ్‌లో బొగ్గు బదులు హైడ్రోజన్ వాయువుతో ఉక్కు చేయడానికి థిసెన్‌క్రుప్ కంపెనీకి 2023లో సుమారు 200 కోట్ల యూరోల ప్రభుత్వ సహాయం మంజూరైంది. 2024 నవంబరులో అదే కంపెనీ, ఉక్కు విభాగంలో సుమారు 11,000 ఉద్యోగాలు తగ్గిస్తామని, కొన్నింటిని బయటివారికి అప్పగిస్తామని ప్రకటించింది. పొగ తగ్గడం ఒక లెక్క, పని నిలవడం మరొక లెక్క. ఒకటి జరిగితే రెండవది దానంతట అదే జరగదు.

కంప్యూటరు వైపు కూడా ఇదే నీతి. ఫోన్లు చేసినవాడికంటే, ఆ ఫోన్లలో నడిచే యాప్ ఎవరి చేతిలో ఉందో వాడికి లాభం ఎక్కువ. మన దేశంలో యూపీఐ 2016లో వచ్చింది. టీకొట్టువాడు కూడా పైసా రుసుము లేకుండా డబ్బు పుచ్చుకోగలుగుతున్నాడు. దారి అందరిదీ గనుక ఇది సాధ్యమైంది. అయినా ఆ దారిలో నడిచే లావాదేవీల్లో నూటికి ఎనభై వరకు ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌ల ద్వారానే జరుగుతున్నవి. రెండింటి వెనుకా అమెరికా కంపెనీలే ఉన్నవి.

ఈ లెక్కలన్నీ భద్రపరిచే డేటా సెంటర్లకు కరెంటు కావాలి. ఐర్లండ్ దేశంలో 2015లో మొత్తం కరెంటులో నూటికి 5 వంతులు డేటా సెంటర్లు వాడితే, 2024లో 22 వంతులు వాడినవి. ఆ ఒక్క దేశం సంగతి చూసినా, కంప్యూటరు మార్పూ కరెంటు మార్పూ వేరువేరు కావని తెలుస్తుంది. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో అలాంటి కేంద్రం కడతామని ప్రకటించింది. రానివ్వండి, మంచిదే. కాని వాటికి నీళ్లు ఎక్కడివి, కరెంటు ఎవరి వాటాలోది, కట్టడం పూర్తయ్యాక నిలిచే ఉద్యోగాలు ఎన్ని, వాటిలో స్థానికులవి ఎన్ని అని ముందే అడగాలి. బోహుమ్‌వాళ్లు ఆలస్యంగా అడిగిన ప్రశ్నలు ఇవే.

ఇక మన గడపలోకి వద్దాము. సింగరేణిలో 1990 దశకం మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. బొగ్గు తగ్గిందా? లేదు, ఎన్నో రెట్లు పెరిగి 2023-24లో 70 మిలియన్ టన్నులైంది. సోలార్ రాకముందే పెద్ద యంత్రాలు, ఓపెన్ కాస్టు గనులు ఆ పని చేసినవి. అదే సింగరేణి ఇప్పుడు సోలార్ కేంద్రాలు కూడా కట్టుకుంటున్నది. కర్నూలు జిల్లాలో 2017లోనే 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అటువంటి పార్కు కట్టేటప్పుడు కూలీలు చాలామంది కావాలి, కట్టాక కొద్దిమంది చాలు.

మన ఇళ్లల్లో ఎంతమంది మెకానిక్ పనిమీద బతుకుతున్నారో మీకు తెలుసు. పన్నెండేళ్లకో పదిహేనేళ్లకో ఉస్తాద్ దగ్గర షాగిర్దుగా చేరి, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగేదాకా నేర్చుకున్నవాళ్లు వీళ్లు. బ్యాటరీ స్కూటరుకు పిస్టన్ లేదు, కార్బురేటరు లేదు, ప్లగ్గు లేదు, ఇంజను ఆయిలు లేదు. బ్యాటరీ, మోటారు, వాటిని నడిపే కంట్రోలరు ఉన్నవి. జబ్బు కనిపెట్టాలంటే చాలా బండ్లకు కంపెనీవారి సాఫ్ట్‌వేరు కావాలి. అది వాళ్ల సర్వీసు సెంటరు దాటి రాదు. చేతిలో పని ఉన్నా తాళం కంపెనీ జేబులో ఉంటే ఉస్తాద్ ఏం చేస్తాడు? అందుకే యూరపులో 2024లో మరమ్మతు హక్కు గురించి చట్టం తెచ్చారు. ఇక్కడా అటువంటిది కావాలని మెకానిక్ సంఘాలు గట్టిగా అడగాలి.

యాప్‌ల కింద బండిమీద భోజనం, సామాను చేరవేసే మన కుర్రవాళ్లున్నారు. వారికి యజమాని ఎవరంటే ఫోను చూపిస్తారు. ఇప్పుడు ఒక మార్గం తెరుచుకున్నది. సామాజిక భద్రత కోడ్ 2020లో తయారై, 2025 నవంబరు 21నుంచి అమలులోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ టర్నోవరులో నూటికి 1 నుంచి 2 వంతులు ఇటువంటి పనివారి సంక్షేమ నిధికి ఇవ్వాలని అందులో ఉంది. కాగితం మీద ఉన్నది చేతికి రావాలంటే ముందు పేరు నమోదై ఉండాలి. 2021లో పెట్టిన ఈ-శ్రమ్ నమోదు ఎంతమంది చేసుకున్నారు? ఇంటికి పోయాక ఒక్కసారి మీ పిల్లలను అడగండి.

కాబట్టి సొసైటీ ముందు మూడు మనవులు పెడుతున్నాము.

మొదటిది. మనం ఏటా ఫీజులకు ఇచ్చే సహాయంలో కొంత భాగం బ్యాటరీ బండ్ల మరమ్మతు, సోలార్ బిగింపు నేర్చుకునేవారికి కేటాయించాలి. కుర్రవాళ్లకు మాత్రమే కాదు, నలభై దాటిన ఉస్తాదులకు కూడా. రూర్‌లో వయసు మళ్లినవాళ్లకు పింఛను దొరికింది. మన ఉస్తాదుకు ఆ భత్యం ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఇంకా పదిహేను, ఇరవై ఏళ్లు అతను సంపాదించాలి. పెట్రోలు బండ్లు రేపే మాయం కావు. ఆ ఉన్న టైములోనే నేర్చుకోవాలి.

రెండవది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉంది. సొంత కప్పు ఉన్నవాళ్లు దరఖాస్తు చేసుకోవాలి. కాని జర్మనీ అద్దె ఇళ్లవాళ్ల సంగతి మరచిపోవద్దు. మనలో సగంమంది అద్దె ఇళ్లల్లోనే ఉన్నాము. మన షాదీఖానా కప్పు, బడి కప్పు అందరివీ. ముందు అక్కడ పలకలు పెట్టి, మిగిలిన బిల్లు డబ్బు ఫీజుల నిధికి చేర్చితే అద్దె ఇంటివాడి పిల్లలకు కూడా ఎండ ఫలం అందుతుంది.

మూడవది. నెలకొక ఆదివారం సొసైటీ ఆఫీసులో ఇద్దరు చదువుకున్న పిల్లలు కూర్చొని, ఈ-శ్రమ్ నమోదులు చేయాలి, యాప్ కంపెనీల షరతులు చదివి తెలుగులో, ఉర్దూలో చెప్పాలి. మా విద్యార్థులను పంపే బాధ్యత మాది.

ఈ మార్పులను ఆపడం మన చేతిలో లేదు, ఆపవలసిన అవసరం కూడా లేదు. పొగ తగ్గితే ఊపిరి ఆడేది మన పిల్లలకే. కాని మార్పు వచ్చేటప్పుడు టైము అడిగినవాడికి టైము దొరికింది, పది మందితో కలిసి అడిగినవాడికి మరికొంత దొరికింది. రూర్ గని కార్మికులు అడిగారు. మనమూ అడుగుదాము, అడిగేలోపు నేర్చుకుందాము.

 మూడు మనవులమీద ఈరోజే చర్చించి, వీలైతే తీర్మానం రాసుకోవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.